మిరప బస్తాలో నా ముసలితనం

ఇది విన్నాక మీరు నన్ను గౌరవించడం మానేస్తారు. మానేయండి, మా ఆవిడ ఎప్పుడో మానేసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన పెద్దమనిషి తన ముసలితనాన్నంతా ఒక గోనెసంచిలో పెట్టి కుట్టి, ఎట్లా పోగొట్టుకున్నాడో చెబుతాను.

రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఐదు బంగారు బిస్కెట్లు కొన్నాను. మొదటిది మా ఆవిడ అనసూయ మోకాళ్ళ ఆపరేషన్‌కు. మిగతావి మాకింకా పేర్లు తెలియని రోగాలకు. బోనకల్ నుంచి ఖమ్మం పోయి లాకరు అడిగితే బ్యాంకు క్లర్కు తల కూడా ఎత్తలేదు.

"ఖాళీ లేవు సార్. పేరు రాసి పొండి. ఎవరన్న వదిలేస్తే ఫోన్ చేస్తం."

బతికుండగా లాకరు వదిలేదెవరండీ? పేరు రాసి, బిస్కెట్లున్న డబ్బా చంకలో పెట్టుకుని తిరిగొచ్చాను.

బియ్యం డబ్బాలో పెడదామా? దొంగ మొదట చూసేది దాన్నే. పూజగది? రెండోది అదే. వారం రోజులు అన్నం సయించలేదు. అప్పుడే మా తమ్ముడు వీరభద్రం కల్లంలో మిరపకాయలు బస్తాలకెత్తుతున్నాడు. పొలం ఇద్దరిదీ, సేద్యం వాడిది. రేటు లేదని సరుకు కోల్డ్ స్టోరేజీలో పెడతానన్నాడు. నాలోని లెక్కల మాస్టారు లేచి కూర్చున్నాడు. అక్కడ కాపలా ఉంది, తాళముంది, వేల బస్తాల్లో మనది ఒక్కటి. దొంగ వచ్చినా తుమ్మి దొరికిపోతాడు. తమ్ముడు అన్నానికి పోయినప్పుడు డబ్బాను ఒక బస్తా నడిమధ్యలో పెట్టి, మూతిని పచ్చదారంతో కుట్టేశాను.

"ఏడ దాచిండ్రు?" అంది అనసూయ.

"దొంగలకు దొరకని చోట."

"నాక్కూడా చెప్పరా?"

ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు కదా, అందుకని చెప్పలేదు. నా నోట్లో మాత్రం ఆ గింజ నాని, మొలకెత్తి, కోతకొచ్చింది.

తమ్ముడు తొందరపడి అమ్మకుండా వాడి జన్మలో చూడని రేటొకటి చెప్పి, అది పలికేదాకా బస్తా కదిలించొద్దన్నాను.

"గంత రేటు ఎన్నడన్న వచ్చిందా అన్నా?"

"వస్తది, ఆగు."

వచ్చింది. ఆ ఏడే వచ్చింది. వీరభద్రం మిఠాయి పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ నోరు మంచిదన్నా. నువ్వు చెప్పిన రేటే పలికింది. మొత్తం అమ్మేసిన."

"పచ్చదారం కుట్టిన బస్తా?"

"ఏ దారమైతే ఏందన్నా? అన్నీ పోయినయ్."

ఖమ్మంలో సరుకు కొన్న వ్యాపారి గోదాముకు పరుగెత్తాను. అప్పటికే బస్తాలు కోసి కాయలన్నీ ఒకే గుట్టగా పోశారు. సగం గుట్ట లారీలెక్కి పోయింది. రెండు రోజులు వెతికితే ఖాళీ సంచి దొరికింది, పచ్చదారంతో సహా. డబ్బా దొరకలేదు. ఎవరైనా దొంగిలించారందామంటే, అమ్మించింది నేనే. తొడిమెలు తీసే ఆడవాళ్ళు జాలిపడి, "ఘాటు అలవాటు లేదు పాపం, కండ్లు కడుక్కో సారూ" అని నీళ్ళిచ్చారు. మిరపకాయల మధ్య ఏడవడంలో ఒక సుఖముంది, కారణం ఎవరూ అడగరు.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. అనసూయ మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. రాసుకోవడం ఆపలేదు.

"దొంగలకు దొరకదంటిరి. అవ్, ఎవ్వరికీ దొరకలే."

అంతకన్నా ఒక్కమాట ఎక్కువ తిట్టినా నాకు కాస్త ఊరటగా ఉండేది.

తర్వాతి వారం బ్యాంకు నుంచి ఫోను. ఎవరో పెద్దాయన పోయాడట, లాకరు ఖాళీ అయిందట. వద్దనబోతుంటే అనసూయ ఫోను లాక్కుని, "తీసుకుంటం" అంది. ఇప్పుడు కిరాయి కట్టి, ఏడాదికోసారి ఇద్దరం పోయి తెరిచి చూస్తాం. అందులో మూరెడు పచ్చదారం ఉంది. బ్యాంకు మెట్లు ఆమె నా భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఎక్కుతుంది. ఆమె ఆగినప్పుడల్లా నాకు మొదటి బిస్కెట్టు గుర్తొస్తుంది.

ఆ దారం ముందు చెయ్యి చాచి, ఎక్కాల పుస్తకం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏది దాచినా చోటు ముందు అనసూయకే చెబుతాను. ఇంతవరకు మాట తప్పలేదు. దాచడానికి ఏమీ లేదు కదా.