డ్యాష్‌బోర్డు వెనక రేకు డబ్బా

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో మా పెద్దనాన్నకు ఒక పాత కారు ఉండేది. మిల్లుల షావుకార్లను కోదాడకో సూర్యాపేటకో కిరాయికి తీసుకుపోయేవాడు. పిల్లలు లేని మనిషి. పెద్దమ్మ తర్వాత ఆయనకు ప్రాణమంతా ఆ కారే. పెద్దమ్మ మాత్రం తనకన్నా ముందేననేది.

నాకు పదేళ్లున్నప్పుడు, ఒక వేసవి సెలవుల్లో, కారులో పెట్రోలు ముల్లూ ఇంజను వేడి చూపే ముల్లూ రెండూ ఒకేసారి పనిచేయడం మానేశాయని పెద్దనాన్న అన్నాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, డ్యాష్‌బోర్డులో మీటర్ల పలక ఊడదీసి, వెనకున్న అగ్గిపెట్టె అంత రేకు డబ్బాను చూపించాడు. దాన్ని రెగ్యులేటర్ అంటారట. బ్యాటరీ కరెంటు హెచ్చుతగ్గులు అవుతుంటే ఇది సర్ది రెండు ముళ్లకూ సమానంగా పంపుతుందట. దానికి చిన్న బల్బు తగిలిస్తే ఆగి ఆగి వెలగాలట. వెలక్కపోతే డబ్బా పోయినట్టేనట.

"ఒక్క ముల్లు తప్పు సూపిస్తే ముల్లుది తప్పు బిడ్డా. రెండూ ఒక్కసారే తప్పు సూపిస్తే ముండ్లను అనొద్దు, ఎనక సూడాలె" అన్నాడు.

పాత డబ్బా తీసేసి కొత్తది పెట్టాడు. స్క్రూ కింద తుప్పుంటే కరెంటు అందదని చాకుతో గీకి మరీ బిగించాడు. కళ్లకన్నా వేళ్లతోనే ఎక్కువ పని చేస్తున్నాడని అప్పుడు నాకు తోచలేదు. తాళం తిప్పాడు. పెట్రోలు ముల్లు బద్ధకంగా లేచి సగం దగ్గర ఆగింది. నేను చప్పట్లు కొట్టబోయాను. ఆయన మాత్రం ముఖం మీటరుకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసి, "ఇది గూడ ఖరాబే" అన్నాడు. నేను చేతులు దించేసుకున్నాను. పెద్దనాన్న కాదన్నాక నా కళ్లను నేనే నమ్మలేదు.

మర్నాడు పొద్దున్నే అదే కారులో సూర్యాపేట మెకానిక్ దగ్గరకు బయలుదేరాం. దారిలో సగం రోడ్డు దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక ముసలమ్మ వాటిని కాళ్లతో కెలుకుతోంది. నాకు దూరం నుంచే కనిపించింది. పెద్దనాన్న వేగం తగ్గించలేదు. నేను గట్టిగా అరిచాను. బ్రేకు పడేసరికి కారు వడ్ల మధ్యలో ఉంది, ముసలమ్మ బానెట్‌కు మూరెడు దూరంలో ఉంది. ఆమె తిట్టిన తిట్లు ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలను. పెద్దనాన్న ఆమెకు కాస్త పక్కకు తిరిగి దండం పెట్టాడు. ఆయనకు చూపు ఆనడం లేదని నాకు అప్పుడు తెలిసింది.

నేను దారి చెబుతుంటే మెల్లగా నడుపుకుంటూ మెకానిక్ షెడ్డుకు చేర్చాడు. మెకానిక్ ఆయనకు పాత దోస్తు. డబ్బా విప్పి బల్బు తగిలించాడు. బల్బు ఆగి ఆగి చక్కగా వెలిగింది. పెద్దనాన్న దానికి జానెడు పక్కకు చూస్తూ "ఎలిగిందా?" అని అడిగాడు.

మెకానిక్ ఆయన కళ్లను చూశాడు. బంపర్‌లో ఇరుక్కున్న వడ్లను చూశాడు. నేను నోరు తెరవబోతే తల అడ్డంగా ఊపాడు.

"లేదన్నా, ఇది గూడ ఖరాబే. ఈ సామాను ఇప్పుడు దొరుకుతలేదు, హైదరాబాద్ నుంచి తెప్పిస్త. అప్పటిదాంక బండి ఈడనే ఉండనియ్యి. ముండ్లు లేకుండ ఎట్ల నడుపుతవ్?"

పెద్దనాన్న తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. మేము బస్సులో ఇంటికొచ్చాం. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా నేను ఆయన వేలు పట్టుకునేదాన్ని. ఆ రోజు ఆయనే నా చెయ్యి పట్టుకుని బస్సు దిగాడు.

తర్వాత దవాఖానలో కంటి నరం ఎండిపోయిందని, చూపు ఇక రాదని చెప్పేశారు. కారు ఆ షెడ్డులోనే తుప్పు పట్టింది. అటు వెళ్లేవాళ్లు ఎవరు కనబడినా పెద్దనాన్న సామాను వచ్చిందేమో కనుక్కోమనేవాడు. ఇంకా రాలేదని జవాబొచ్చేది. పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆయన మోసపోయాడని నేను చాలా ఏళ్లు ఏడ్చాను. కానీ ఒక చిన్న నట్టు కోసం మూడు ఊళ్లు తిరిగే మనిషి, కోదాడలో దొరుకుతుందేమో చూద్దామని ఒక్కసారి కూడా అనలేదు. ఆ సంగతి నాకు ఈ మధ్యనే తట్టింది.

ఇప్పుడు నా కంటి నరమూ ఎండిపోతోంది. డాక్టరు బయట మా కోడలికి చెప్పిన మాట నాకు వినబడింది. ఆ పిల్ల లోపలికొచ్చి, హైదరాబాదులో కొత్త అద్దాలకు ఆర్డరిచ్చామని, అవి వస్తే అంతా కనిపిస్తుందని చెప్పింది. ఆ అద్దాలు రావు. వచ్చినా ఒకటే. అయినా ప్రతి ఆదివారం పొద్దున అడుగుతాను, అద్దాలొచ్చాయా అని.

"ఇంక రాలేదత్తమ్మా" అంటుంది.

తొందరేం లేదులే అని చెప్పి, ఆమె చెయ్యి పట్టుకుని గడప దిగుతాను.