పాస్టరమ్మగారికి ఇచ్చిన పుట్టగొడుగు

విరిగిన చేతికి కట్టు తీశాక నా వేళ్లు సరిగ్గా ముడుచుకోలేదు. వినుకొండలో మా ఎదురింట్లో ఉండే పాస్టరమ్మగారు, "క్రోషియా అల్లండి మాస్టారూ, వేళ్లు కదుల్తాయి," అని సూది చేతిలో పెట్టారు. డ్రిల్లు మాస్టారుగా ఊరంతా విజిల్ ఊదిన నేను ఆవిడ వరండాలో ఎర్ర ఉన్ని పట్టుకుని కూర్చున్నాను.

కొత్తవాళ్లకు తేలికని పుట్టగొడుగు బొమ్మతో మొదలుపెట్టించారు. నాది మాత్రం ఎర్ర టోపీ పెట్టిన బూడిద గుమ్మడికాయలా తయారైంది. అది చూసినప్పుడల్లా ఆవిడ గోడవైపు తిరిగేవారు. భుజాలు ఊగేవి. మళ్లీ ఇటు తిరిగి ఎంతో గంభీరంగా, "బానే ఉందండీ, కొంచెం విప్పుదాం," అనేవారు. ఆ కొంచెంలో మొత్తం ఊడిపోయేది.

అల్లగా అల్లగా పిడికిలి బిగిసింది గానీ పుట్టగొడుగు మాత్రం కుదర్లేదు.

ఇంతలో వాళ్లకు ఒంగోలు బదిలీ అయింది. సామాను లారీకెక్కుతుంటే ఆవిడ వచ్చి నా పుట్టగొడుగు అడిగారు.

"ఎవరికైనా చూపిస్తే నా పరువు పోతుందండీ!"

"చూపించడానికే అడుగుతున్నా. అక్కడ నేర్చుకోడానికి వచ్చేవాళ్లకి ధైర్యం రావాలిగా!"

తెచ్చి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని లారీలో వెయ్యనివ్వలేదు. హ్యాండ్‌బ్యాగులో, కళ్లజోడు పక్కన జాగ్రత్తగా పెట్టుకున్నారు.