చాయ్ గిన్నె పిడి

మా ఆవిడ పాదం మీద కాలిన మచ్చ ఉంది. చేయి జారి మరుగుతున్న చాయ్ ఒలకబోసుకుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది. ఆమె చేయి జారలేదని నాకు ఆ రోజే తెలుసు. చెప్పలేదు.

నేను నారాయణగూడలో ఒక కాలేజీలో పాలిమర్ల గురించి పాఠాలు చెబుతాను. పెళ్లయిన కొత్తలో అశోక్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న చాయ్ గిన్నెకు పిడి ఊడిపోయింది. చిక్కడపల్లిలో గిన్నెల దుకాణాయన కొత్తది కొనుక్కోమన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. నేనే చేసిస్తానన్నాను. ల్యాబ్‌లో ఎపాక్సీ రెజిన్ అనే గట్టిపడే జిగురులో తెల్లటి క్వార్ట్జ్ రాతిపొడి కలిపి అచ్చులో పోశాను.

ఒట్టి రెజిన్ వేడికి మెత్తబడి వంగుతుంది. పొడి కలిపితే బిగుస్తుంది, వేడికి అంతగా వ్యాకోచించదు. అయితే పొడి హద్దు దాటితే ప్రతి రేణువునూ తడపడానికి రెజిన్ చాలదు. పైకి రాయిలా ఉంటుంది, దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే ఇది. కానీ నా పిడి కొత్త పెళ్లాం ముందు వీసమంత కూడా వంగకూడదు కదా! ఇంకా పొడి పోశాను. మిశ్రమం రొట్టెపిండిలా అయినా అచ్చులో కూరాను. గట్టిపడ్డాక మరిగే నీళ్లలో వేసి తీసి, బల్లకేసి ఒత్తి చూపించాను. "అబ్బో, మా ఇంటాయన పెద్ద ఇంజనీరు!" అని మురిసిపోయింది. పిడిని గిన్నెకు బిగించాను. దెబ్బకు ఆగుతుందో లేదో మాత్రం చూడలేదు.

మా అక్క వచ్చిన రోజు, చాయ్ దించుతుంటే పిడి పొయ్యి అంచుకు తగిలి పుటుక్కుమంది. నేను ఆమె పాదం మీద నీళ్లు పోస్తున్నప్పుడు సగం పిడి ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. నొప్పితో బిగుసుకున్న వేళ్లు విప్పి నేనే తీశాను. విరిగిన చోట తెల్లటి పొడి నా వేలికి అంటుకుంది. "చేయి జారింది వదినా" అని ఆమె ఏడుస్తోంది. నేను ముక్కలు కాగితంలో చుట్టి పారేశాను.

అప్పటి నుంచి ఆమె వేడి గిన్నె ఏదీ దించదు. నన్ను పిలుస్తుంది.

మొన్న దోమలగూడలో అక్క వాళ్లింట్లో భోజనాలు. వంటింట్లో బగారా అన్నం గిన్నె దగ్గరికి మా ఆవిడ వెళ్లగానే అక్క అడ్డొచ్చింది. "మరదలా, నువ్వు జర దూరం జరుగు తల్లీ. లేకుంటే అందరం నేల మీదికెళ్లి ఏరుకొని తినాలె."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే చేతులు కొంగులో దాచుకుంది.

"నవ్వకు అక్కా. తప్పు నాది" అన్నాను. పొడి సంగతి, పిడి సంగతి అంతా చెప్పాను.

"గట్లెట్లయితది? నా చెయ్యి జారె గద?" అంది మా ఆవిడ.

"జారలే. సగం పిడి నీ పిడికిట్లనే ఉండె. నేనే తీసిన."

అక్క గరిటె కింద పెట్టేసింది. మా ఆవిడ నా వైపు తిరిగింది.

"చేతులల్ల పట్టు లేదని డాక్టర్‌కు గూడ చూపించుకుంటి. మీరు బయట బెంచీ మీద కూసున్నరు గదా!"

"కూసున్న. లోపలికొచ్చి అప్పుడన్న చెప్పాల్సింది, చెప్పలే. నీ చేతులకు ఎన్నడూ ఏం కాలే. తప్పయింది, మాఫ్ చెయ్" అన్నాను.