సెకండు గేరు మోత

మొన్న మా వీధిలోని షెడ్డులో ఎవరిదో పాత జీపు గేరుబాక్సు విప్పారు. ఆ గేరు ఆయిల్ ఘాటు వాసనకు చోడవరంలో మా నాన్న కారు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్ళు. అమ్మ పోయి ఏడాదయింది. నాన్న పాత కారొకటి మాడుగులకు బాడుగకు తిప్పేవాడు. బడి నుంచి వచ్చాక ఇంట్లో నేనొక్కదాన్నే.

ఒకరోజు గేర్లు సరిగా పడటం లేదని, ఏదో మోత వస్తోందని నాన్న కారును మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తూ నన్నూ ఎక్కించుకున్నాడు.

"మోత ఏ గేరులో వస్తంది?" అని మేస్త్రీ అడిగాడు.

"ఏటో బాబూ, జనం గోలలో నాకు తెల్డం లేదు," అన్నాడు నాన్న.

నేను ఆపుకోలేకపోయాను. "సెకండులోనే నాన్నా! మన వీధి మలుపులో సెకండు గేరేస్తావు కదా, అప్పుడే మూలుగుతాది. గేరు తీసెయ్యగానే ఆగిపోద్ది."

మేస్త్రీ నవ్వాడు. "ఓసి గుంటా! నీకెలా తెలుసే?"

"రోజూ అరుగు మీద కూకుని ఇంటాను."

విప్పి చూస్తే నిజంగానే సెకండు గేరు పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. మేస్త్రీ నన్ను మెచ్చుకున్నాడు. నాన్న మాత్రం తల వంచుకుని, శుభ్రంగా ఉన్న చేతులనే గుడ్డతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. పెద్దల మాటల్లో తలదూర్చానని కోపమొచ్చిందనుకుని నేను దూరంగా వెళ్ళి నిలబడ్డాను.

అది కోపం కాదని నాకు పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు. ఆ మోతను అంత బాగా నేర్చుకోవడానికి నేను ఎన్ని సాయంత్రాలు ఒంటరిగా చెవులు రిక్కించుకుని కూర్చున్నానో, నాన్నకు ఆరోజే మొదటిసారి అర్థమైంది.