అవ్వ మెడలో నా గుర్రం

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తరుగు తీసేయండి. చేవెళ్ళలో నాది వెండిపని. రవ్వంత వెండిని అరచేయంత రేకుగా సాగగొట్టడం నా బతుకు. మాట దొరికినా అంతే చేస్తాను. కానీ ఈ ఒక్కటి మాత్రం ఏళ్ళుగా గుండెలో సుత్తి దెబ్బలు తినే దాగలిలా కూర్చుంది.

ఎంకపల్లి అవ్వ దగ్గర పాత వెండి బిళ్ళ ఉండేది. దానిమీద కత్తి దూసిన గుర్రపు రౌతు. డచ్చివాళ్ళు సముద్రవ్యాపారానికి కొట్టించిన నాణెమని మొయినాబాదు షావుకారొకాయన చెప్పాడు. అవ్వకు మాత్రం ఆ రౌతు గుర్రమెక్కిన మల్లన్న దేవుడు. రోజూ పసుపు పూసి మొక్కేది. అంత పసుపు ఆ డచ్చి దొర ఏడు సముద్రాల్లోనూ చూసి ఉండడు.

నాకు కొత్తగా పెళ్ళయిన రోజుల్లో దాన్ని తెచ్చింది.

“బిడ్డా, మల్లన్నకు కొండి పెట్టు, మెడల కట్టుకుంట. జర పైలం! గుర్రం కాలిరిగెనా, దేవుణ్ణి నీ వీపు మీద ఎక్కిస్త!”

కొండి అతుకుతుంటే బిళ్ళ పట్టకారు నుంచి జారి కొలిమిలో పడింది. పిడుగు పడ్డంత చప్పుడు. కరిగిపోయింది. భయంతో రాగి ఎక్కువ, వెండి తక్కువ కలిపి మరో బిళ్ళ పోశాను. రౌతును నేనే చెక్కాను. గుర్రం గాడిదకు మేనల్లుడిలా వచ్చింది.

అవ్వ దాన్ని చాలాసేపు చూసింది.

“గుర్రం బక్కగైంది గదరా?”

“కొలిమి వేడి, అవ్వా.”

“పోనీ తీ. ఎన్నేండ్ల సంది ఉరుకుతున్నదో, బక్కగాదా! నీ చెయ్యి సల్లగుండ.”

ఆమెకు తెలిసిందా? ఇప్పటికీ అర్థం కాదు. ఆ రోజు ఒక్క అరుపు అరిచి ఉంటే నా కొలిమి చల్లారిపోయేది. అరవలేదు సరికదా, “నా మల్లన్నను ముట్టిన చెయ్యి” అంటూ ఊరూరా చెప్పింది. ఆ మాటే నాకు అన్నం పెట్టింది. యుద్ధం వచ్చి వెండి కంటికి కనబడని ఈ రోజుల్లోనూ జనం నమ్మి నా చేతిలో పెడుతున్నారు. ఆ బిళ్ళ తరువాత ఎవరి వెండిలోనూ మోసంగా రాగి కలపలేకపోయాను. అది మంచితనమా, సిగ్గా? అవ్వ మీది కృతజ్ఞత అనుకుంటే కాస్త ఊపిరాడుతుంది. నిజం చెబితే ఆమె దేవుణ్ణి లాక్కున్నట్టవుతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. పోయేది నా పేరేనని నాకు తెలియదా?

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. బిళ్ళ జారలేదు. నేనే కొలిమిలో వేశాను. కొత్త పెళ్ళానికి మెట్టెలు చేస్తానని మాటిచ్చాను. చేతిలో వెండి లేదు. ఆ మెట్టెలు పెట్టుకునే ఆమె ఇప్పుడు వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

అవ్వకు చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు. మీకు చెప్పాను. విన్నారు, మీకు దండం.