తలుపుకి తాళం వేసి ఉంది

మా నాన్న ఊరు వదిలి శాశ్వతంగా వలసపోయాడన్న సంగతి మాకు పలాస ఆసుపత్రిలో తెలిసింది. అప్పుడాయన డయాలసిస్ మంచం మీద, చేతికి సూదులతో, నా ఎదురుగానే ఉన్నాడు. కార్డు నంబరు కొట్టిన నర్సమ్మ కంప్యూటర్ వైపు చూసి, "మీ రేషన్ కార్డు తీసీసినారమ్మా. ఊర్నుంచి ఎల్లిపోనారని పడతంది. దాంతో ఆరోగ్య కార్డు కూడా ఆగిపోనాది" అంది. ఈ నెలాఖరు దాకా ఎలాగో నెట్టుకొస్తామనీ, ఆపైన తమ చేతుల్లో లేదనీ కూడా చెప్పింది. ఆమెను అనడానికేముంది? నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"నేనెక్కడికి ఎల్లిపోనానంటమ్మా?" అని నాన్న నన్నే అడిగాడు.

ఎక్కడికీ పోలేదు, తోటకి వెళ్ళాడు. ఉద్దానంలో జీడిపిక్కలు రాలే కాలంలో ఇంటికి తాళం వేసి తోటలోని పాకకి మారిపోవడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే. రాలిన పిక్కలు రాలినట్టే ఏరుకోవాలి, లేదంటే దొంగల పాలు. పళ్ళ వాసనకి ఎలుగుబంట్లు వస్తాయి, రేకుడబ్బా వాయించి వాటిని తోలాలి. కిడ్నీలు పాడయ్యాక కూడా నాన్న తోట మానలేదు. వారంలో మూడు రోజులు పలాసలో మిషను, మిగతా రోజులు పాక ముందు నులకమంచం. అమ్మ ఏరుతుంటే, ఏ చెట్టు కింద ఇంకా పిక్కలున్నాయో మంచం మీద నుంచే చెప్పేవాడు. ఆయన మొహంలో కాస్త కళ కనిపించేది అక్కడే.

రేషన్ కార్డుల సర్వేకి వచ్చినవాళ్ళు మా తలుపుకి తాళం చూశారు. నోటీసు అంటించారు, ఫోటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. పక్కింటి వాళ్ళనైనా అడగలేదు. సముద్రం వైపు దారి పట్టి కాస్త నడిస్తే మా పాక కనిపించేది. ఆ కాలంలో సగం ఊరు తోటల్లోనే ఉంటుందని ఇక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ నోటీసు గాలికి పోయిందో, మేక తినేసిందో, మేం మాత్రం చూడలేదు.

టెక్కలిలో నాకు తెలిసిన వకీలుగారు ఒకరున్నారు. ఆయన నింపాదిగా చెప్పారు: మనిషికున్నది తీసేసేముందు అతనికి తెలియజెయ్యాలి, అతని మాట వినాలి, ఆ తరువాతే నిర్ణయం చెయ్యాలి, దీన్నే సహజ న్యాయం అంటారు. కాదంటే హైకోర్టు ఉంది, మానవ హక్కుల కమిషన్ ఉంది అన్నారు. అంతా బాగానే ఉంది. అవన్నీ తేలేదాకా మా నాన్న రక్తం ఎవరు శుభ్రం చేస్తారు?

ముందు మండలాఫీసుకే వెళ్ళాను. అక్కడి గుమస్తా నా అర్జీ పైపైన చూసి, "మనిషి స్వయంగా రావాలమ్మా. ఊళ్ళో లేడని రికార్డులో ఉన్న మనిషిని, ఉన్నాడని మీరొచ్చి చెబితే ఎలాగ?" అన్నాడు. విచారణ సోమవారాలే అన్నాడు.

"సోమవారం ఆయనకి డయాలసిస్ అండీ."

"అయితే వచ్చే సోమవారం తీసుకురండి."

"వచ్చే సోమవారం కూడా సోమవారమే కదండీ!" అన్నాను. నా గొంతు లేచేసరికి వరండాలో జనం తిరిగి చూశారు గానీ, ఆయన తలెత్తలేదు.

ఇంటికొచ్చి చెబితే నాన్న తేలిగ్గా తేల్చేశాడు. "ఒక్క పాలి మిషను మానీసి ఎల్దాం. ఎదురుగా నిలబడితే సాలు. నన్ను సూసినాక కూడా లేనంతారేటి?" నేను అరిచాను, అమ్మ ఏడ్చింది. ఆయన వినలేదు. సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కాళ్ళ వాపుకి చెప్పులు పట్టలేదు. ఆటోలో దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు తనలో తాను చెప్పుకుంటూనే ఉన్నాడు: "బాబూ, మాది జీడితోట. పిక్కల కాలం ఇంటికి తాలం ఏసీ అక్కడే ఉంతాం..."

వరండా బల్ల మీద మధ్యాహ్నం దాటింది. విచారణ చెయ్యాల్సిన దొరగారు వీడియో కాన్ఫరెన్సులో ఉన్నారన్నారు, ఆ తరువాత అట్నుంచటే ఏదో తనిఖీకి వెళ్ళారన్నారు. వాయిదా. నాన్న గోడ పట్టుకుని లేచి గుమస్తా బల్ల దగ్గరికి వెళ్ళాడు. "బాబూ, నువ్వు సూడు. ఈ మనిసి ఉన్నాడని రాసుకో."

"నేను చూస్తే లాభం లేదండీ, సార్ చూడాలి" అన్నాడాయన.

తిరుగు దారిలో నాన్నకి ఊపిరి అందలేదు. నేరుగా ఆసుపత్రికే తీసుకుపోయాను. బారువ నుంచి వచ్చిన ఎవరో ఆయన, నాన్న మొహం చూసి, "ముందు ఈయన్ని ఎక్కించండి, నేను రేపొత్తాను" అని తన వంతు వదిలేసి లేచాడు. ఏ అర్జీ లేదు, ఏ విచారణ లేదు! అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

నెలాఖరుకి ముందే నా ఫోనుకి మెసేజీ వచ్చింది: మీ అర్జీ సంతృప్తికరంగా పరిష్కరించబడినది. కార్డు మళ్ళీ బతికింది. ఎవరు విన్నారో, ఏం చూసి ఇచ్చారో ఒక్క ముక్క లేదు. అయినా నేను ఎగిరి గంతేసినంత పని చేశాను, అబద్ధం చెప్పను. నాన్నే నవ్వలేదు.

"మరెవుడు సూసినాడమ్మా నన్ను?"

"ఎవరూ చూడలేదు నాన్నా."

"తీసినప్పుడు అడగలేదు, ఇచ్చినప్పుడూ అడగలేదు. రేపు మల్లీ తీసీరని ఏటి నమ్మకం?"

నేను ఆ మెసేజీ మళ్ళీ మొదట్నుంచి చదివాను.

ఈ ఏడు మళ్ళీ పిక్కలు రాలుతున్నాయి. రేకుడబ్బా పట్టుకుని అమ్మ ఒక్కతే పొద్దున్నే తోటకి పోయి, చీకటి పడకముందే వచ్చేస్తోంది. మిషను లేని రోజుల్లో నాన్న అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. వెనక తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. మొన్న ఆదివారం ఊరెళ్ళి బతిమాలాను. "తాళం వెయ్యొద్దులే, తలుపు తీసే ఉంచుదాం. తోటకి పద నాన్నా."

"తలుపు కాదమ్మా, ఎవులొచ్చినా మనిసి కనబడాల" అన్నాడు. వీధిలో ఏ బండి చప్పుడైనా కుర్చీలో నిటారుగా కూర్చుంటున్నాడు.

సాయంత్రం అమ్మ సంచి తెచ్చి ఆయన ముందు గుమ్మరించింది. నాన్న వంగి ఒక పిక్క తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏ సెట్టువే ఇవి?" అని అడిగాడు.