మూడు పచ్చబొట్టు చుక్కలు

నా పేరు రాజవ్వ. వయసు అరవై ఎనిమిది. సుల్తానాబాద్‌లో మాది మగ్గం నేసే ఇల్లు. ఉండేది నేనూ మనవరాలు లక్ష్మీ. నాకు చదువు రాదు కాబట్టి ఈ కాగితం దానితోనే రాయిస్తున్నాను.

ఈ పొద్దున లక్ష్మి గడ్డం మీది పచ్చబొట్టు చుక్కలను సున్నం పెట్టి కాల్చుకుంది. గోడ మీది సినిమా తార బొమ్మ పక్కన అద్దం పట్టుకుని నిలబడింది. గడ్డమంతా పుండు.

“గిదేం పనే?”

“గామెకున్నయా చుక్కలు? బళ్లె అందరు నన్ను ముసలవ్వ అని నవ్వుతున్నరు, అమ్మమ్మా.”

“గామెనా నిన్ను కన్నది?”

నా బిడ్డ, అంటే దీని తల్లి, తనకున్నట్టే మూడు చుక్కలు దీనికి పొడిపించి, ఆ ఏడే చనిపోయింది. ఆమెకు ఫోటో లేదు. ఇన్నేళ్లూ ఈ గడ్డంలోనే చూసుకున్నాను. ఈ మాట లక్ష్మికి ఇవాళే చెబుతున్నాను. తార అందగత్తే, కాదనను. నా బిడ్డను ఇక ఎక్కడ చూసుకోను? మీరే చెప్పండి.

రాజవ్వ వేలిముద్ర.
సాక్షులు: పక్కింటి మల్లవ్వ, ఏడుస్తూ రాసిన లక్ష్మి.